మైనస్ కనపడితే తప్పేనా?

లైనక్స్ సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఎస్‌ట్రేస్ చుట్టూ, పీట్రేస్ చుట్టూ తిరిగాయి. నడుస్తున్న ప్రోగ్రామ్ లోపలికి తొంగిచూడటం గురించి పోయిన నెల రాశాను కదా, దాని పుణ్యమే అనుకుంటాను. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. ప్రోగ్రామ్ ఫైలు తెరవాలన్నా, మెమరీ కావాలన్నా, నెట్‌వర్క్‌లో ఒక్క బైటు పంపాలన్నా లైనక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌ని అడగాల్సిందే. ఆ అడగడాన్నే సిస్టమ్ కాల్ అంటాం. ప్రోగ్రామ్ ఏమడిగిందో, కెర్నల్ ఏం జవాబిచ్చిందో వరసగా చూపించేది ఎస్‌ట్రేస్. దాని కింద ఉండే కెర్నల్ సదుపాయం పీట్రేస్.

ప్రశ్న: బీటెక్ నాలుగో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం పీట్రేస్‌తో చిన్న ట్రేసర్ రాశాను. దాని కింద ఎల్ఎస్ కమాండ్ నడిపితే ప్రతి కాల్ రెండుసార్లు ప్రింట్ అవుతోంది. మొదటిసారి ఏ కాల్‌కైనా రిటర్న్ వాల్యూ -38 అని వస్తోంది. రెండోసారి చాలావరకు బాగానే ఉంటుంది కానీ, మెమరీ అడిగే ఎంమ్యాప్ కాల్ మాత్రం -1826598912 లాంటి అంకెలు చూపించి ఎర్రర్ అంటోంది. అదీ ఒక్కోసారే. మళ్లీ నడిపితే ఒక్క ఎర్రరూ ఉండదు. ఎల్ఎస్ మాత్రం ఎప్పుడూ సరిగ్గానే పనిచేస్తోంది. పై వారం వైవా. చాలా టెన్షన్‌గా ఉంది మేడమ్.
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: నాయనా, నువ్వు చివర్లో రాసిన మాటలోనే సగం జవాబుంది. ఎల్ఎస్ సరిగ్గా పనిచేస్తోందంటే కెర్నల్ చెప్పిన జవాబు ఎల్ఎస్‌కి సరిగ్గానే అందింది. తప్పుగా విన్నది నీ ట్రేసరే.

ముందు -38 సంగతి చూద్దాం. పీట్రేస్ సిస్కాల్ అని చెప్పి వదిలిన ప్రాసెస్ ఒక్కో సిస్టమ్ కాల్‌కి రెండుచోట్ల ఆగుతుంది. కెర్నల్‌లోకి వెళ్లేటప్పుడు ఒకసారి, పని చూసుకుని బయటికి వచ్చేటప్పుడు ఇంకోసారి. రిటర్న్ వాల్యూకి అర్థం ఉండేది రెండో ఆగుడులోనే. మొదటిసారి ఆగినప్పుడు అసలు పనే మొదలు కాలేదు, ఇక జవాబెక్కడిది?

మరి ఆ -38 ఎక్కడిదంటే, మా నాన్నగారు ఎలిమెంటరీ స్కూల్లో పంతులుగారు. పొద్దున్నే హాజరుపట్టీలో అందరికీ పెన్సిల్‌తో 'గై' పెట్టేసేవారు. పిలిచినప్పుడు పలికినవాడికి దాన్ని చెరిపి 'హా' రాసేవారు. ఎక్స్86-64 కెర్నల్ చేసేదీ అదే. కాల్ నంబరు ఆర్‌ఏఎక్స్ రిజిస్టర్‌లో, అంటే ప్రాసెసర్ లోపలి ఒక చిన్న గూట్లో వస్తుంది. దాన్ని ఒరిగ్ ఆర్‌ఏఎక్స్ అనే చోట భద్రంగా దాచి, ఆర్‌ఏఎక్స్‌లో ముందుగానే -38 రాసిపెడుతుంది. 38 అంటే ఈనోసిస్, 'అలాంటి కాల్ ఏదీ నాకు తెలియదు' అని అర్థం. నిజంగా అలాంటి కాల్ లేకపోతే ఆ పెన్సిల్ రాత అలాగే మిగిలిపోతుంది, ఉంటే అసలు జవాబు దాని మీద పడుతుంది. నువ్వు పిలవకముందే పట్టీ చూసి, క్లాసంతా గైర్హాజరు అంటున్నావు.

ఇక్కడ చాలామంది ఒక అడ్డదారి తొక్కుతారు. -38 కనపడితే వెళ్లేటప్పుడు ఆగినట్టు, ఇంకేదైనా కనపడితే వచ్చేటప్పుడు ఆగినట్టు అని ఒక ఇఫ్ రాసేస్తారు. అలా చేయకు. నిజంగానే ఈనోసిస్‌తో తిరిగొచ్చే కాల్స్ ఉంటాయి. ప్రోగ్రామ్‌లు వాడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీ, 2.34 నుంచి థ్రెడ్ సృష్టించేటప్పుడు ముందు క్లోన్3 అనే కాల్‌ని ప్రయత్నిస్తుంది. ఆ కాల్ వచ్చిందే కెర్నల్ 5.3లో. అంతకంటే పాత కెర్నల్ మీద ఈనోసిస్ వస్తుంది, గ్లిబ్‌సీ ఏమీ అనుకోకుండా పాత క్లోన్‌తో పని కానిస్తుంది. అలాంటి మెషీన్ మీద నీ ఇఫ్ అక్కడే బోర్లా పడుతుంది.

ఎప్పుడు వెళ్తోందో ఎప్పుడు వస్తోందో నువ్వే లెక్క పెట్టుకోవాలి. ప్రతి థ్రెడ్‌కీ ఒక జెండా, ఆగిన ప్రతిసారీ దాన్ని తిప్పడం. అయితే ఆ లెక్కలోకి సిస్టమ్ కాల్ ఆగుళ్లు తప్ప ఇంకేవీ రాకూడదు. ప్రాసెస్‌కి ఏదైనా సిగ్నల్ వచ్చినా అది ఆగుతుంది. దాన్ని కూడా కాల్ అనుకుని జెండా తిప్పావా, అక్కడి నుంచి వెళ్లేవి వచ్చేవిగా, వచ్చేవి వెళ్లేవిగా కనపడతాయి. అందుకే మొదట్లోనే ట్రేస్‌సిస్‌గుడ్ ఆప్షన్ పెట్టుకో. అప్పుడు సిస్టమ్ కాల్ దగ్గర ఆగితే, ఆగిన కబురు తెచ్చే వెయిట్‌పిడ్ స్టేటస్‌లో సిగ్నల్ నంబరు 133గా వస్తుంది. మామూలు సిగ్‌ట్రాప్ అయితే 5. తేడా 128, అంటే ఒక్క బిట్టు. నువ్వు పంపిన కోడ్‌లో ఈ ఆప్షన్ లేదు. చైల్డ్ ఎగ్జిక్‌వీఈ చేయగానే వచ్చే మొదటి సిగ్‌ట్రాప్‌ని కూడా కాల్‌గానే లెక్కేశావు.

ఇంక ఎంమ్యాప్. నీ కోడ్‌లో ఇలా ఉంది: ఆర్‌ఏఎక్స్ విలువని ఇంట్‌లో పెట్టి, సున్నా కంటే తక్కువైతే ఎర్రర్. ఇందులో తప్పులు రెండున్నాయి. ఒకటి రెండోదాన్ని కప్పేస్తోంది.

ఎంమ్యాప్ తిరిగిచ్చేది అడ్రస్. నీ లాగ్‌లో ఉన్న అంకెనే వెనక్కి తిప్పి చూస్తే హెక్స్‌లో చివరి ఎనిమిది అంకెలు 93205000. అసలు అడ్రస్ 751493205000 లాంటి పన్నెండంకెలది. ఇంట్‌లో పట్టేది చివరి ఎనిమిదే కాబట్టి ముందున్న నాలుగూ రాలిపోయాయి. మిగిలిన ఎనిమిదింట్లో మొదటిది 8 గానీ అంతకంటే పెద్దది గానీ అయితే ఇంట్ దాన్ని మైనస్ అంటుంది. -1826598912 పుట్టింది అలాగే. ప్రోగ్రామ్ నడిచిన ప్రతిసారీ కెర్నల్ అడ్రస్‌లని మారుస్తుంది. లైబ్రరీలన్నీ పక్కపక్కనే కూర్చుంటాయి. అందుకే ఒక రన్‌లో దాదాపు అన్ని ఎంమ్యాప్‌లూ మైనస్, ఇంకో రన్‌లో ఒక్కటీ లేదు. దీన్ని ర్యాండమ్ బగ్ అని రిపోర్ట్‌లో రాశావు. ర్యాండమ్ కాదు, బొమ్మా బొరుసూ అంతే.

సరే, లాంగ్‌లో పెట్టావనుకుందాం. 'సున్నా కంటే తక్కువ' అన్న పరీక్ష అప్పటికీ సరైనది కాదు. లైనక్స్ ఎక్స్86 మీద కెర్నల్ ఎర్రర్ చెప్పేది -1 నుంచి -4095 వరకు ఉన్న అంకెలతోనే. మిగతా విలువ ఏదైనా జవాబే. 4095 ఎందుకంటే, అది ఒక పేజీకి ఒకటి తక్కువ. అడ్రస్‌ల వరసలో అన్నిటికంటే పైన ఉండే, అంటే చిట్టచివరి పేజీని కెర్నల్ యూజర్ ప్రోగ్రామ్‌కి ఇవ్వదు కాబట్టి ఆ అంకెలు నిజమైన అడ్రస్‌తో కలిసిపోయే ప్రమాదం లేదు. 64 బిట్లలో మామూలు అడ్రస్‌లు మైనస్‌లోకి రావు గనక నువ్వు తప్పించుకుపోతావు. 32-బిట్ ప్రోగ్రామ్‌ని ట్రేస్ చేసిన రోజున దొరికిపోతావు. అక్కడ ఎంమ్యాప్ 415 కోట్ల పైచిలుకు అడ్రస్ ఇవ్వడం రోజూ జరిగేదే. సైన్డ్‌గా చూస్తే మైనస్, కానీ శుభ్రంగా పనిచేసే అడ్రస్. 32 బిట్లలో గీత 4294963201 దగ్గర ఉంది. అక్కడి నుంచి పైకి ఎర్రర్, కిందవి కావు.

ఇది రాస్తుంటే నా బాగోతం ఒకటి గుర్తొచ్చింది. నీది ఒప్పుని తప్పుగా చూసిన కేసు. నాది తప్పుని ఒప్పుగా చూసిన కేసు, అదింకా అన్యాయం.

2012లో నేను పనిచేసే చోట ఒక గోదాము బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసేవాళ్లం. 32-బిట్ ప్రోగ్రామ్, కొత్తగా కొన్న 64-బిట్ మెషీన్ మీద పెట్టారు. వారంలో రెండు మూడు రాత్రులు బిల్లుల ఫైలు సగంలో ఆగిపోయేది. ఆ మెషీన్ మీద మాకు నచ్చినవి ఇన్‌స్టాల్ చేయడానికి లేదు. నేనే ఒక చిన్న ట్రేసర్ రాసి, ఫెయిలైన కాల్స్ లెక్కపెట్టమని పెట్టి ఇంటికి పోయాను. పొద్దున చూస్తే 'ఫెయిల్యూర్లు: 0'. మేనేజర్ సంతోషపడ్డాడు, నేనూ పడ్డాను. తప్పు ప్రోగ్రామ్‌ది కాదు, ప్రింటర్‌ది అని మెయిల్ కూడా కొట్టాను.

రాత్రి డ్యూటీలో ఉండే ఆపరేటర్ ఒకతను ఆ లాగ్ ప్రింటవుట్ పట్టుకుని వచ్చాడు. "మేడమ్, ఈ మెషీన్‌లో డిస్కే ఎనభై జీబీ. ఒక్క రైట్‌లో నాలుగు జీబీ ఎట్లా రాసింది?" అన్నాడు. చూస్తే రైట్ కాల్ తిరిగిచ్చిన బైట్లు 4294967268. అలాంటి లైన్లు వరసగా కొన్ని వందలు. 4294967296లోంచి 28 తీసేస్తే వచ్చే అంకె అది. 28 అంటే ఈనోస్పేస్, డిస్క్ నిండిపోయింది అని. 32-బిట్ ప్రాసెస్‌ని గెట్‌రెగ్‌సెట్‌తో అడిగితే కెర్నల్ 32-బిట్ రిజిస్టర్ల పట్టీ ఇస్తుంది, మొత్తం 68 బైట్లు. అందులోని 32-బిట్ -28ని నేను తీసుకెళ్లి 64-బిట్ అన్‌సైన్డ్‌లో పోశాను. ముందున్న ఖాళీలో సున్నాలు నిండాయి, మైనస్ మాయమైంది. ముందు 32-బిట్ సైన్డ్‌గా చదివి, ఆ తర్వాత వెడల్పు చేసి ఉంటే సరిపోయేది. లైనక్స్‌లో ఒక్క రైట్ 2147479552 బైట్లకి మించి రాయదని నాకు తెలుసు. తెలిసీ ఆ లైన్ల మీదుగా కళ్లు జారిపోయాయి. ప్రింటర్ మెయిల్‌కి క్షమాపణ మెయిల్ కూడా నేనే రాశాను.

వైవాలో తప్పకుండా అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది. నీ ప్రోగ్రామ్‌లో రెండు రకాల రిటర్న్ వాల్యూలున్నాయి. ఎల్ఎస్ చేసిన కాల్‌కి వచ్చినవి కొన్ని, నువ్వు చేసిన పీట్రేస్, వెయిట్‌పిడ్‌లకి వచ్చినవి కొన్ని. మొదటివాటిని భూతద్దం పెట్టి చూస్తున్నావు, రెండోవాటిని ఒక్కచోట కూడా చెక్ చేయలేదు. ఆగి ఉన్న ప్రాసెస్‌ని ఎవరైనా సిగ్‌కిల్‌తో చంపేస్తే, నువ్వు రిజిస్టర్లు అడిగేసరికి అది అక్కడ ఉండదు. పీట్రేస్ -1 ఇస్తుంది, ఎర్రర్ నంబరు ఉండే ఎర్నోలో ఈసర్చ్, అంటే 'అలాంటి ప్రాసెస్ లేదు' అని ఉంటుంది. నువ్వది చూడకపోతే రిజిస్టర్ల స్ట్రక్చర్‌లో పోయినసారి అంకెలే మిగిలి ఉంటాయి, అవే మళ్లీ ప్రింట్ చేస్తావు. ఈసర్చ్ వస్తే గాభరా పడి ట్రేసర్‌ని ఆపేయకు. వెయిట్‌పిడ్‌కి తిరిగి వెళ్లు, అది పోయిన కబురు అక్కడ అందుతుంది.

ప్రశ్న: మా అప్లికేషన్ మొదలవగానే 'కాన్ఫిగరేషన్ లోడ్ కాలేదు' అని చెప్పి ఆగిపోతోంది. ఎస్‌ట్రేస్ పెడితే ఈనోఎంట్ ('అలాంటి ఫైలు లేదు') ఎర్రర్లు 140 కనపడ్డాయి. అన్నీ ఒక్కొక్కటిగా ఫిక్స్ చేయమని మా లీడ్ ఎక్సెల్ షీట్ తయారు చేయించాడు. నిజంగా అన్నీ చేయాలా?
– సపోర్ట్ ఇంజినీర్, మాదాపూర్

జవాబు: వద్దమ్మా, ఆ షీట్ మూసేయండి. మీ షీట్‌లో మొదటి లైను ఎల్‌డీ.ఎస్ఓ.ప్రీలోడ్ అనే ఫైలు దొరకలేదని. ఎటీసీ డైరెక్టరీలో ఆ ఫైలు లేకపోవడమే మామూలు. దాదాపు ఏ ప్రోగ్రామ్‌ని ట్రేస్ చేసినా ఆ లైను పైనే కనపడుతుంది. దాన్ని 'ఫిక్స్' చేద్దామని ఎవరైనా ఖాళీ ఫైలు సృష్టించి ఉంటే ముందు తీసేయించండి. తర్వాతి తొంభై దాకా పైథాన్ తన మాడ్యూల్స్‌ని వెతుక్కోవడం. తాళంచెవి ఏ అరలో ఉందో చూస్తూ నాలుగు అరలు తెరిచామంటే, మూడు అరల్లో లేకపోవడం సమస్య కాదు కదా. నాలుగో అరలో దొరికిందా లేదా అన్నదే చూడాలి.

ఎర్రర్ అని కనిపించినా మామూలు సంగతే అయినవి ఇంకా ఉన్నాయి. నాన్‌బ్లాకింగ్ సాకెట్ మీద ఈఎగైన్ అంటే 'ఇప్పుడేమీ లేదు, తర్వాత రా' అని. కనెక్ట్‌కి ఈఇన్‌ప్రోగ్రెస్ అంటే పని నడుస్తోందని.

మీ అసలు సమస్య ఆ 140లో లేనే లేదు. ట్రేస్‌ని కింద నుంచి పైకి చదవండి. 'లోడ్ కాలేదు' అన్న మాటని ఫైల్ డిస్క్రిప్టర్ 2 మీదికి రాసిన రైట్ ఒకటి ఉంది, అక్కడి నుంచి పైకి ఎక్కండి. మీరు పంపిన ముక్కలో నాలుగు లైన్ల పైన ఓపెన్‌యాట్ విజయవంతంగా 3 ఇచ్చింది. ఆ 3 మీద చేసిన మొట్టమొదటి రీడ్ సున్నా ఇచ్చింది. రీడ్ సున్నా ఇస్తే ఎర్రర్ కాదు, ఫైలు అయిపోయిందని అర్థం. మొదటి రీడ్‌కే అయిపోయిందంటే ఫైలు ఖాళీ. డిప్లాయ్ చేసే స్క్రిప్ట్ ఫైలుని సృష్టించింది, లోపల ఏమీ పెట్టలేదు. మీ లీడ్ ఎర్రర్లని ఫిల్టర్ చేసి షీట్ తీయించాడు కాబట్టి ఈ సున్నా అందులోకి రాలేదు. ఎస్‌ట్రేస్‌లో పెద్ద జెడ్ ఆప్షన్ ఫెయిలైన కాల్స్‌నే చూపిస్తుంది, చిన్న జెడ్ సక్సెస్ అయినవే చూపిస్తుంది. రెండూ వాడుకోండి కానీ, మొదటిసారి ఏ జెడ్డూ లేకుండానే చూడండి. రైట్ విషయంలోనూ ఇంతే. 8192 బైట్లు రాయమంటే 4096 అని వస్తే ఎర్రర్ కాదు, సగమే రాసింది. మిగతా సగం రాయాల్సిన బాధ్యత ప్రోగ్రామ్‌ది.

ప్రశ్న: ట్రేస్ అవుతున్న ప్రాసెస్ మెమరీలోంచి ఒక స్ట్రక్చర్‌ని పీక్‌డేటాతో ఎనిమిదేసి బైట్లుగా చదువుతున్నాను. కొన్నిసార్లు మధ్యలో -1 వచ్చి నా ఫంక్షన్ 'చదవలేకపోయాను' అంటుంది. అదే అడ్రస్‌ని జీడీబీ బాగానే చదువుతోంది.
– పాఠకుడు, తిరుపతి

జవాబు: ఆ స్ట్రక్చర్‌లో టైమౌట్ ఫీల్డ్ ఉందని రాశారు. 'ఎప్పటికీ ఆగు' అని చెప్పడానికి అందులో ప్రోగ్రామే -1 పెట్టి ఉంటుంది. మీరు చదివింది సరైన విలువే. పీక్‌డేటా తను చదివిన పదాన్నే రిటర్న్ వాల్యూగా ఇస్తుంది. ఎర్రర్ వచ్చినా -1 ఇస్తుంది. రెండూ ఒకే ముఖం.

తేడా పట్టడానికి ఒకటే దారి. పిలిచే ముందు ఎర్నోని సున్నా చేయండి, పిలిచాక -1 వస్తే ఎర్నో చూడండి. ఇంకా సున్నాగానే ఉంటే అది డేటా. ఈ రెంటి మధ్యలో డీబగ్ కోసం ప్రింట్‌ఎఫ్ పెట్టకండి, అది ఎర్నోని మార్చేయగలదు. నిజానికి కెర్నల్‌కి ఈ గందరగోళం లేదు. అది పదాన్ని వేరే చోట పెట్టి, సక్సెస్‌నీ ఫెయిల్యూర్‌నీ విడిగా చెబుతుంది. రెండింటినీ కలిపి ఒకే చేతిలో పెట్టేది గ్లిబ్‌సీ ఫంక్షన్. పెద్ద స్ట్రక్చర్లయితే కెర్నల్ 3.2 నుంచి ఉన్న ప్రాసెస్ వీఎం రీడ్‌వీ వాడండి. అక్కడ కూడా ఎన్ని బైట్లు వచ్చాయో చూసుకోవాలి, అడిగినన్ని రాకపోవచ్చు.

ప్రశ్న: మా పాలిటెక్నిక్ పిల్లలు ల్యాప్‌టాప్ మీద రాసిన ట్రేసర్‌ని రాస్‌ప్‌బెర్రీ పై మీదికి మార్చాం, 64-బిట్ ఓఎస్. గెట్‌రెగ్స్ కంపైలే కావడం లేదు. దాన్ని ఎలాగో సరిచేస్తే, ఇప్పుడు వెళ్లేటప్పుడు -38 రావట్లేదు, ఏవేవో అంకెలు వస్తున్నాయి.
– లెక్చరర్, నిజామాబాద్

జవాబు: మాస్టారూ, ఆ ఏవేవో అంకెలు మీ పిల్లల ప్రోగ్రామ్ పంపిన మొదటి ఆర్గ్యుమెంట్లు. ఆర్మ్64 మీద కాల్ నంబరు ఎక్స్8లో ఉంటుంది. కెర్నల్‌లోకి వెళ్లేటప్పుడు ఎక్స్0లో మొదటి ఆర్గ్యుమెంట్, వచ్చేటప్పుడు అదే ఎక్స్0లో రిటర్న్ వాల్యూ. కాబట్టి మొదటి ఆర్గ్యుమెంట్ కావాలంటే వెళ్లేటప్పుడే దాచుకోవాలి, తర్వాత దొరకదు. వెళ్తోందా వస్తోందా అన్నది ఎక్స్7లో కెర్నల్ పెడుతుంది. సున్నా అయితే వెళ్తోంది, 1 అయితే వస్తోంది. గెట్‌రెగ్స్ అక్కడ లేదు, గెట్‌రెగ్‌సెట్ వాడాలి.

ఎర్రర్‌ని చెప్పే పద్ధతి కూడా అన్ని చిప్‌ల మీదా ఒకటి కాదు. ఎక్స్86, ఆర్మ్ మీద -4095 లెక్క నడుస్తుంది. మిప్స్ మీద ఏ3 అనే వేరే రిజిస్టర్ చూడాలి, అంకె మైనస్ కాదు. పవర్‌పీసీ మీద చాలాకాలంగా కండిషన్ రిజిస్టర్‌లో ఒక బిట్టు ఆ పని చేస్తోంది. ఈ పట్టికంతా ఎస్‌ట్రేస్ రాసేవాళ్లు ఏళ్ల తరబడి మోశారు. అందుకేనేమో, 2019లో కెర్నల్ 5.3లోకి గెట్ సిస్కాల్ ఇన్ఫో అనే పీట్రేస్ రిక్వెస్ట్ వచ్చింది. వెళ్లేటప్పుడా వచ్చేటప్పుడా, కాల్ నంబరెంత, రిటర్న్ వాల్యూ ఎంత, అది ఎర్రరా కాదా, అన్నీ కెర్నలే చెబుతుంది. ఎర్రరా అన్నదానికి విడిగా ఒక ఫీల్డే ఉంది. పిల్లల చేత ఇప్పుడు కొత్తగా రాయిస్తున్నారు కాబట్టి నేరుగా దీన్నే వాడించండి. ట్రేస్‌సిస్‌గుడ్ మాత్రం దీనికీ కావాలి.

ఒక్క చిన్న మెలిక. ఈ రిక్వెస్ట్ విజయవంతమైతే సున్నా ఇవ్వదు, ఎన్ని బైట్ల సమాచారం ఉందో ఆ అంకె ఇస్తుంది. మిగతా పీట్రేస్ కాల్స్ అలవాటులో 'సున్నా అయితేనే సక్సెస్' అని రాస్తే మళ్లీ మొదటికొస్తారు. పాత కెర్నల్ మీద నడిపితే -1, ఎర్నోలో ఈఐఓ వస్తుంది. అప్పుడు రిజిస్టర్ల దారి పట్టాలి.

ప్రశ్న: నడుస్తున్న సర్వర్‌కి ఎస్‌ట్రేస్ తగిలిస్తే ఒక కాల్‌కి రిటర్న్ వాల్యూ దగ్గర ప్రశ్నార్థకం, పక్కన ఈరీస్టార్ట్‌సిస్ అని ఉంది. మా కోడ్‌లో ఎక్కడా ఆ ఎర్రర్ లేదు. మాన్యువల్‌లో కూడా దొరకలేదు.
– పాఠకుడు, బెంగళూరు

జవాబు: మీ కోడ్‌కి అది ఎప్పుడూ చేరదు. దాని నంబరు 512, కెర్నల్ తన లోపల వాడుకునే చీటీ. కాల్ మధ్యలో సిగ్నల్ వచ్చినప్పుడు 'దీన్ని మళ్లీ మొదలుపెట్టాలా, లేక ఆపేయాలా' అని ఇంకా తేలని స్థితి అది. సిగ్నల్ హ్యాండ్లర్‌కి ఎస్ఏ రీస్టార్ట్ ఉంటే కాల్ మళ్లీ నడుస్తుంది, లేకపోతే మీ కోడ్‌కి 'మధ్యలో ఆగిపోయింది' అనే ఈఇంటర్ అందుతుంది. ట్రేసర్ ఆ రెండు గడపల మధ్య నిలబడి చూస్తుంది కాబట్టి చీటీ దానికి కనపడుతుంది. సొంతంగా ట్రేసర్ రాసేవాళ్లు 512, 513, 514, 516లని ఫెయిల్యూర్ల లెక్కలో కలపకూడదు. ఇలాంటిదే ఎగ్జిట్ గ్రూప్ పక్కన కనపడే ప్రశ్నార్థకం. ఆ కాల్ నుంచి ఎవరూ తిరిగి రారు, ఇక రిటర్న్ వాల్యూ ఎక్కడిది?

ప్రశ్న: మెమరీకి లిమిట్ పెట్టి ప్రోగ్రామ్ నడిపాను. మాలాక్ నల్ ఇచ్చింది. ఎస్‌ట్రేస్‌లో చూస్తే బీఆర్‌కే కాల్‌కి ఎర్రరే లేదు, అడ్రస్ ఇచ్చింది. ఎవరిని నమ్మాలి?
– పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఇద్దర్నీ నమ్మండి, కానీ ఆ అడ్రస్‌ని మీరు అడిగినదానితో పోల్చి చూడండి. లైనక్స్‌లో బీఆర్‌కే కాల్ ఫెయిలైతే మైనస్ అంకె ఇవ్వదు. మెమరీ హద్దు ఇప్పుడు ఎక్కడుందో ఆ పాత అడ్రస్‌నే తిరిగిస్తుంది. 'ఇంతవరకు జరుపు' అని మీరు అడిగితే, 'నేనిక్కడే ఉన్నాను' అనడం అన్నమాట. గ్లిబ్‌సీ రెండింటినీ పోల్చుకుని, తక్కువొస్తే ఈనోమెమ్ ('మెమరీ లేదు') అని తనే తేలుస్తుంది. మీ ట్రేస్‌లో ఆ బీఆర్‌కేకి ముందున్న బీఆర్‌కే లైను కూడా చూడండి, రెండింటి పక్కనా ఒకే అడ్రస్ ఉంటుంది. దాని వెంటనే ఎంమ్యాప్ ఒకటి ఉంటుంది, మాలాక్ చేసిన రెండో ప్రయత్నం. దాని పక్కన మాత్రం ఈనోమెమ్ అని స్పష్టంగానే రాసి ఉంటుంది.